జేబులో కాగితం

ఫిబ్రవరి 6

తమ్ముడూ,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. నా ఫోన్ తాళం పిచ్చుకకి తెలుసు. నీకు మెసేజ్ పెడితే నీకంటే ముందు అదే చదివేస్తుంది. ఇది దానికి తెలియకూడని విషయం కాబట్టి ఆసుపత్రి ఎదురు కొట్లో కవరు కొని, టీ విరామంలో కూర్చుని రాస్తున్నాను. పెన్ను పట్టి ఎన్నేళ్లయిందో. కోడి గెలికినట్టుంటే సర్దుకుని చదువు.

నీ మేనకోడలు పిచ్చుక మాట్లాడడం మానేసింది. పదిహేడేళ్లు వద్దన్నా వాగిన పిల్ల. నోరు మూతపడదనే కదా దానికా పేరు పెట్టాం. ఇప్పుడు "ఊ" అంటుంది, "ఆ" అంటుంది, అంతే. నేను పన్నెండింటికి డ్యూటీకి వెళ్తాను, ఎనిమిదికి వస్తాను. ఆసుపత్రి దుప్పట్లూ డాక్టర్ల కోట్లూ ఉతికి మడతపెట్టే గదిలో ఏడు గంటలు నిలబడి ఇంటికొస్తే, అది ఫోన్ బోర్లా పెట్టి నా మొహం చూస్తుంది. రోజూ నేను గుమ్మంలోకి రాగానే ఫోన్ బోర్లా పడుతుంది. బావ పోయిన ఈ మూడేళ్లలో నాకున్న ఒకే ఒక్క మాట తోడు అది. అదీ పోతే నేను గోడలతో మాట్లాడాలి.

ఇక్కడ ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే ఆవిడ తన కొడుకు ఫోన్లో ఏదో యాప్ వేసిందట. వాడు ఎక్కడున్నాడో, ఎవరితో ఏం రాశాడో అంతా ఈవిడకి కనిపిస్తుందట. "కళ్లు తెరుచుకున్నాయి" అంటోంది. నువ్వు ఫోన్ల డాక్టరువి. ఏది మంచిదో చెప్పు.

ఎవరైనా ప్రేమించానని చెప్పి దాన్ని తీసుకుపోతే నేనేం చేయనురా.

అక్క

ఫిబ్రవరి 12

అక్కా,

నీ అక్షరాలు కోడి గెలికినట్టు ఏమీ లేవు. కొట్లో ముగ్గురు తమ ఫోన్ల కోసం కాచుకుని ఉన్నా పక్కన పెట్టి రెండుసార్లు చదివాను. నా పేరు మీద కవరు వచ్చి ఎంత కాలమైందో.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. నెలకి అయిదారుగురు ఇదే అడుగుతారు. తల్లులు, మొగుళ్లు, ఒక్కోసారి పనిలో పెట్టుకున్న యజమానులు. యాప్‌లు వందలున్నా జాతులు మూడే. వాటికి నేను పెట్టుకున్న పేర్లే రాస్తాను.

మొదటిది గడియారం. పిల్లలు ఎంతసేపు ఫోన్ చూశారు, ఏవి తెరిచారు అని చూపిస్తుంది, ఇంతసేపే అని కట్టడి పెట్టొచ్చు. రాసుకున్నవి చూపించదు. ఫోన్లో బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి చెప్పే పెట్టాలి. రెండోది చుక్క. మనిషి ఎక్కడున్నదీ పటం మీద చుక్కలా చూపిస్తుంది. ఆలస్యమైతే ప్రాణం కుదుటపడుతుంది. కానీ చుక్కకి మొహం ఉండదు. అక్కడ ఉన్నారని తెలుస్తుంది, ఎందుకున్నారో తెలీదు. ఆ ఎందుకు మనమే కల్పించుకుంటాం. మూడోది దొంగ. కాలిక్యులేటర్ బొమ్మ వేసుకుని కూర్చుంటుంది. కొట్టిన ప్రతి అక్షరం మోసుకొస్తుంది. పిల్ల రాసి చెరిపేసింది కూడా. పైగా మన పిల్ల మాటలు ఎవరి కంప్యూటర్లో పడి ఉంటాయో ఆ దేవుడికే తెలియాలి. దొంగ యాప్ వేసిన ఫోన్ వేడెక్కుతుంది, ఛార్జింగ్ నిలవదు. అది పట్టుకునే జనం నా దగ్గరికి వస్తారు.

నా మాట వింటావా? పెడితే గడియారం పెట్టు. దాని ముందు కూర్చోబెట్టి, "భయమేస్తోంది, అందుకే పెడుతున్నా" అని చెప్పి పెట్టు. చెప్పలేని పని చేయకు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. పై గదిలో కుళాయి కారుతోంది. బాగు చేయాలనుకుంటూనే ఆ చప్పుడుకి అలవాటు పడిపోయాను.

తమ్ముడు

ఫిబ్రవరి 18

తమ్ముడూ,

నువ్వు చెప్పింది చక్కగా ఉంది, పుస్తకంలో అచ్చేయొచ్చు. కానీ అదంతా జరిగే పనేనా? దానికి చెప్పి పెడితే అది జాగ్రత్త పడుతుంది. అప్పుడిక నాకేం తెలుస్తుంది? నాకు మూడోదే కావాలి. ఎలా వేయాలో రాయి. అది స్నానానికి వెళ్తే పావుగంట పడుతుంది.

నీకు పిల్లల్లేరు, నీకు తెలియదు అనను. ఆ మాట మనసులోకి వచ్చింది, ఇదిగో రాసేశాను కూడా. కోపం తెచ్చుకోకు. అసలు నీ ఇంట్లో కాస్త కళ్లు తెరుచుకుని ఉంటే నా మరదలు మహాతల్లి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయేదా? ఇంత నెమ్మదైన మనిషిని వదిలి వెళ్లడానికి ఆమెకి ఏం లోటు వచ్చిందో రెండేళ్లయినా నాకు బోధపడదు. మొన్న పిచ్చుక పుట్టినరోజుకి కార్డు పంపింది. వెనకాల వాళ్ల చెల్లెలింటి చిరునామా కూడా రాసింది. మొహం చెల్లని పని చేసి చిరునామా ఒకటి. నేను జవాబివ్వలేదు.

త్వరగా రాయి. నిన్న అది అన్నం తినకుండా పడుకుంది.

అక్క

ఫిబ్రవరి 25

అక్కా,

ఆమెని ఏమీ అనకు. తప్పు ఆమెది కాదు. ఇంకెప్పుడైనా చెప్తాను.

నీ మాట కాదనలేను, చిన్నప్పటి నుంచీ అంతే. ఎలా వేయాలో వేరే కాగితం మీద అంచెలంచెలుగా రాశాను, చూసుకుని చింపేయి. కొత్త ఖాతా తెరవక్కర్లేదు. నాది పాతది ఒకటి ఊరికే పడి ఉంది, దాని పేరూ తాళమూ కింద రాశాను. నీ ఫోన్లో కూడా కాలిక్యులేటర్ బొమ్మే కనిపిస్తుంది, పిల్లకి అనుమానం రాదు. అందులో "ప్రమాద పదాలు" అని ఒక జాబితా ఉంటుంది. ఆ మాటలు పిల్ల రాసినా, పిల్లకి ఎవరైనా రాసినా నీ ఫోన్లో గంట మోగుతుంది. చావు, చంపు, పారిపోవడం లాంటివి నేనే పెట్టాను.

పెట్టాక నిద్ర పట్టదు. అది ముందే చెప్తున్నాను.

తమ్ముడు

మార్చి 9

తమ్ముడూ,

నీ గంటలు తగలెయ్య. మొదటి రోజే ముప్పై ఒక్కసార్లు మోగింది.

మొదటిది మడత యంత్రం దగ్గర ఉండగా మోగింది. "చచ్చిపోతాను" అని రాసిందట. నా చేతిలో దుప్పటి యంత్రంలోకి వెళ్లిపోయింది, సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి ఆపాడు. బాత్రూంలోకి వెళ్లి మొత్తం చదివాను. "ఇంకో జోకు వేశావంటే నవ్వలేక చచ్చిపోతాను." ఇదీ సంగతి. తర్వాత "ఆకలితో చస్తున్నా." తర్వాత "లెక్కల మాస్టారు చంపేస్తున్నాడు." తర్వాత "చచ్చినట్టు రాశాను." సాయంత్రం "చావగొట్టి చెవులు మూశారు" అని దాని స్నేహితురాలు. మన భాషలో చావకుండా ఎవరైనా ఒక్క పూట గడుపుతారా? నువ్వు ఆ జాబితా పెట్టేటప్పుడు బుర్ర ఎక్కడ పెట్టావు?

కానీ ఒకటి. అది నవ్వుతోందిరా. వాళ్లతో అంత నవ్వుతోంది. ఇంటికొచ్చి చూస్తే మూతి ముడుచుకుని కూర్చుంటుంది. ఆ నవ్వు చదివాక నాకు ఏడుపొచ్చింది.

అక్క

మార్చి 15

అక్కా,

చావులన్నీ జాబితాలోంచి తీసేశాను, తప్పు నాదే. నిజంగా బాధలో ఉన్న మనిషి ఆ మాట వాడరు. "బాగానే ఉన్నాను" అంటారు. దానికి గంట పెట్టాల్సింది.

భయపడాల్సిందేమీ లేదని తెలిసిపోయిందిగా. ఇక తీసేయి అక్కా. ఒకసారి చూడ్డం మొదలుపెడితే మాట్లాడాల్సిన అవసరం పోతుంది. కళ్ల ముందే తెలిసిపోతుంటే నోరెందుకు తెరుస్తాం?

తమ్ముడు

మార్చి 27

తమ్ముడూ,

తీసేద్దామనే తెరిచాను. తెరిచాక తెలిసిపోయింది. ఏ కుర్రాడూ లేడు. పిల్లకి సీటు వచ్చింది. ఇక్కడికి రాత్రంతా రైలు ప్రయాణమయ్యేంత దూరంలో మంచి కాలేజీ, హాస్టల్లో ఉండాలి. నాకు చెప్పకుండా పరీక్ష రాసింది, పాసయింది. తల్లి సంతకం పెట్టిన ఫారం ఏప్రిల్ 20 లోపల పంపాలి. పంపకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

స్నేహితురాలికి ఏం రాసిందో చూడు, మాట పొల్లుపోకుండా ఎక్కిస్తున్నాను: "అమ్మకి నేను తప్ప ఎవరూ లేరు. నాన్న పోయాక అమ్మ నవ్వడం నా కోసమే. నేను వెళ్తే ఎనిమిదింటికి వచ్చి ఎవరితో మాట్లాడుతుంది? అడగను. 20 దాటిపోతే అదే పోతుంది." అందుకేరా ఆ మౌనం. అడగకుండా ఉండడానికి నోరు కట్టేసుకుంది.

ఇప్పుడు నేనేం చేయను? వెళ్లు అంటే "నీకెలా తెలుసు" అంటుంది. ఊరుకుంటే సీటు పోతుంది. రోజూ భోజనం దగ్గర "ఏమైనా చెప్పాలా తల్లీ" అంటాను, "ఏం లేదమ్మా" అంటుంది. ఇద్దరం పళ్లాల్లోకి చూస్తాం. నా మనసులో ఇంకో పాడు మాట ఉంది, నీకు కాక ఎవరికి చెప్తాను. 20 దాటిపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను.

ఇంకోటి అడగాలి. ఆ ఖాతాలో పిచ్చుక ఫోన్ కింద ఇంకో ఫోన్ ఉంది, "ఇల్లు" అని పేరు. నీ కొట్టుదా? నేను ముట్టుకోవచ్చా?

అక్క

ఏప్రిల్ 2

అక్కా,

ముట్టుకోకు. ఆ ఫోన్ నీ మరదలిది.

అన్నీ తుడిచేశాననుకుని, పదాలు మార్చినప్పుడు కూడా ఫోన్ల పేజీ తెరిచి చూడలేదు. నా ఫోన్లోంచి యాప్ తీసేశాను గానీ ఖాతాలో ఉండిపోయింది. పదిమంది ఫోన్లు బాగుచేసేవాణ్ని, నాది చూసుకోలేదు.

గురువారాలు మధ్యాహ్నం ఆమె ఎక్కడికో వెళ్లేది. చెప్పేది కాదు, నేను అడగలేదు. అడగడం చేతకాక యాప్ వేశాను. చుక్క రైల్వే స్టేషన్లో ఆగేది. మూడు నుంచి అయిదు దాకా కదిలేది కాదు. ఆమె రాసుకునేవి తెరవడానికి ధైర్యం చాలలేదు, ఒట్టు, చుక్క మాత్రమే చూశాను. ఎవరి కోసమో వెళ్తోందని నాకు నేనే కథ అల్లుకున్నాను. కస్టమరు ఫోన్ విప్పి పెట్టుకుని, పక్కన చుక్క పెట్టుకుని కూర్చునేవాణ్ని. మూడు నెలలు. ఒకరోజు పట్టలేక అడిగేశాను, "స్టేషన్లో ఎవరున్నారు?" అని. ఆమె "స్టేషనని నేను చెప్పానా?" అంది. అంతే. నాలుగు రోజులకి వెళ్లిపోయింది. నువ్వు ఆమెని తిట్టినప్పుడల్లా నోరు మూసుకుని ఊరుకున్నాను. అది రెండో తప్పు.

నన్ను చూసి బుద్ధి తెచ్చుకో. 20 కి ముందే పిల్లకి చెప్పేయి. తిడితే తిట్టించుకో.

తమ్ముడు

ఏప్రిల్ 7

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న అందింది. అంతకు రెండు రోజుల ముందే ఆ "ఇల్లు" ఫోన్ తెరిచాను. నీదే అనుకున్నాను, నువ్వు "బాగానే ఉన్నాను" అని రాస్తే నమ్మక, ఎలా ఉన్నావో చూద్దామని. చూశావా, అలవాటు ఎంత తొందరగా పడిందో.

మరదలు రాసుకున్నవి ఉన్నాయి. నీకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. నీకు రాసినవే కాబట్టి నీకు చేర్చడమే న్యాయం అనుకున్నాను. కింద ఎక్కిస్తున్నాను. కూర్చుని చదువు.

"గురువారం. ఫోన్ వేడెక్కుతోందంటే మీరు బ్యాటరీ పాతదన్నారు. పక్క వీధి కొట్లో చూపించాను. 'ఇంట్లోనే ఫోన్ల కొట్టు పెట్టుకుని ఇక్కడికొచ్చారేమిటమ్మా' అని నవ్వాడు, విప్పి చూశాక నవ్వలేదు. తీసేయమంటారా అన్నాడు. వద్దులెండి, ఎవరో ఒకరు నన్ను చూస్తున్నారుగా అన్నాను."

"గురువారం. నాలుగో బెంచీ. ఇక్కడికెందుకొస్తానో రాస్తాను. ఇంట్లో కుళాయి చప్పుడు తప్ప మాట వినపడదు. ఇక్కడ అందరూ మాట్లాడుకుంటారు. 'నీళ్ల సీసా మర్చిపోకు', 'దిగగానే ఫోన్ చెయ్యి' అని ఎవరో ఎవరికో చెప్తుంటారు. నాకు చెప్పినట్టే ఉంటుంది."

"గురువారం. కొట్టు నుంచి స్టేషన్ పది నిమిషాల నడక. నేనెక్కడున్నానో మీకు తెలుసు. మీకు తెలుసని నాకూ తెలుసు. ఇవాళైనా లేచి వస్తారేమోనని సంచి ఒళ్లో పెట్టుకుని పక్కన చోటు ఉంచాను."

అంతే. ఇంకో గురువారం లేదు.

నేను ఆమెని అన్న మాటలన్నీ నాకే తగిలాయి.

మా పనిలో ఒక రూలుంది, నీకెప్పుడైనా చెప్పానో లేదో. ఉతకడానికి వచ్చిన కోట్ల జేబుల్లో కాగితాలు దొరుకుతాయి. మడత విప్పకుండా కవర్లో వేసి, కోటు మీది పేరు రాసి పంపేయాలి. పదకొండేళ్లలో ఒక్క కాగితం విప్పలేదు. అందరూ నన్నే నమ్మి జేబుల పని నాకిచ్చారు. ఊరందరి జేబులూ వదిలేసి కన్నకూతురి జేబులో చెయ్యి పెట్టాను.

ఈ ఆదివారం దానికి చెప్తాను. నువ్వు వేసిన గంటలతో సహా అన్నీ.

అక్క

ఏప్రిల్ 17

అక్కా,

చదివాను. కుర్చీ మీది పాత ఛార్జర్లన్నీ కింద పెట్టి, కూర్చుని చదివాను.

పక్కన చోటు ఉంచిందట. నేను ఆ చోట్లో ఇంకెవరో కూర్చున్నారనుకున్నాను. ఏడ్చాను, నీ దగ్గర దాపరికం ఏముంది. కస్టమరు వస్తే కంట్లో దుమ్ము పడిందని చెప్పాను, ఆయన ఊదుతానన్నాడు.

నిన్న గురువారం. కొట్టు మూసి, ఫోన్ కొట్లోనే వదిలేసి స్టేషన్‌కి వెళ్లాను. నిజంగానే పది నిమిషాలు. నాలుగో బెంచీ మీద మూడు నుంచి అయిదు దాకా కూర్చున్నాను. ఎవరో ఎవరితోనో "కిటికీ దగ్గర కూర్చో, కళ్లు తిరగవు" అన్నారు. నేను తల ఊపాను. ఆమె రాసింది నిజమే.

వచ్చి ఆ ఖాతా మొత్తం మూసేశాను. ఈసారి రెండుసార్లు చూసుకున్నాను. తర్వాత ఆమెకి ఉత్తరం రాశాను. చిరునామా నీ దగ్గర కార్డు మీద ఉందన్నావుగా. కవరు అతికించి ఇందులో పెట్టాను. చిరునామా రాసి నువ్వే పోస్టు చెయ్యి. నాకు చెప్పకు, తను ఎక్కడుందో తనే చెప్తే తెలుసుకుంటాను.

ఆదివారం ఏమైంది? పిచ్చుక నన్ను మామయ్య అంటుందా ఇక?

తమ్ముడు

ఏప్రిల్ 26

తమ్ముడూ,

ఆదివారం పొద్దున చెప్పాను. అది అరవలేదు. అరిచినా బాగుండేది. "ఎప్పట్నుంచి?" అంది. చెప్పాను. "చెరిపేసినవి కూడానా?" అంది. కూడా అన్నాను. లేచి గదిలోకి వెళ్లింది. తన ఫోన్ తాళం మార్చుకుంది, మంచిదే. నా ఫోన్ నా చేతిలో పెట్టి, "నీదీ మార్చుకో, నేను కూడా నీ మెసేజ్‌లు చదివేదాన్ని" అంది. నాన్న పోయాక నేను ఎవరికైనా ఏడుస్తూ రాస్తున్నానేమో అని చూసేదట. తల్లీకూతుళ్లం దొందూ దొందే.

ఆరు రోజులు మాట్లాడలేదు. 18 వచ్చింది. ఫారం సంగతి నేను ఎత్తలేదు, ఎత్తే హక్కు నాకు లేదనిపించింది. 19 పొద్దున స్నానం చేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "అమ్మా, నేను ఇప్పుడు ఒకటి చెప్తాను. నీకు తెలుసని మర్చిపో. మొదటిసారి విన్నట్టు విను" అంది. విన్నాను. కాలేజీ పేరు చెప్పింది, ఎంత దూరమో చెప్పింది. "అంత దూరమా?" అన్నాను, నిజంగా అప్పుడే తెలిసినట్టు. చదివినప్పటి కంటే దాని నోట వింటే ఇంకా దూరం అనిపించింది. "నువ్వెలా ఉంటావమ్మా?" అంది. బాగానే ఉంటాను అనబోయి ఆగాను. "భయంగా ఉంటుంది. అయినా వెళ్లు" అన్నాను. సంతకం పెట్టాను. కోడి గెలికినట్టే వచ్చింది. ఇద్దరం కలిసి నెట్ సెంటర్‌కి వెళ్లి పంపాం. అందిందని కబురు వచ్చింది.

నన్ను పూర్తిగా క్షమించలేదు. మెసేజ్ రాస్తూ ఇప్పటికీ నన్ను చూసి ఫోన్ బోర్లా పెడుతుంది. పెట్టుకోనీ. నిన్ను మామయ్యా అనే అంటోంది, ముందు "గంటల" అని చేర్చి.

నీ కవరు మీద చిరునామా రాసి పోస్టు డబ్బాలో వేశాను. తెరవలేదు. వెలుతురుకి పట్టి కూడా చూడలేదు. పదకొండేళ్ల పేరు మళ్లీ సంపాదించుకోవాలిగా. నేనూ ఆమెకి విడిగా రెండు వాక్యాలు రాశాను, అవి నీకు చెప్పను.

జూన్‌లో పిల్ల వెళ్లిపోతుంది. ఎనిమిదింటికి తాళం నేనే తీసుకోవాలి, దీపం నేనే వేసుకోవాలి. మాటలు వినపడే చోటు నాకూ ఒకటి కావాలి. నాకు గురువారాలు సెలవు. మీ ఊరి స్టేషన్లో దిగాక ఆ నాలుగో బెంచీకి ఎటు నడవాలి? ఫోన్లో చుక్క పంపకు. గుర్తులు చెప్తూ దారి రాయి. నువ్వు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చో, నేను వస్తాను.

అక్క